సరస్సు ఒడ్డున రెండో కుర్చీ

ఎండాకాలంలో ఏసీలు బాగుచేసేవాడికి సెలవు ఉండదు. ఉందంటే వాడి ఒళ్లే మొరాయించిందని అర్థం. కూలింగుకు సరిగ్గా అదే జరిగింది. కూలింగు అనేది అతనికి పెట్టిన పేరేమీ కాదు. ఇరవై రెండేళ్లుగా "కూలింగు రావట్లేదు, కాస్త తొందరగా రా" అని ఫోన్లు చేసీ చేసీ జనం ఆ మాటనే అతనికి అంటగట్టేశారు. పోయిన వారం ఎవరి మేడ మీదో బయటి యూనిట్ విప్పుతూ, చేతిలో స్పానర్ చేతిలో ఉండగానే కూలబడిపోయాడు. పది రోజులు ఎండ మొహం చూడొద్దన్నాడు డాక్టరు. భార్య ఆ మాటకు ఇంకొంచెం కలిపి, ఫోను మొహం కూడా చూడొద్దని చెప్పి, దాన్ని ఆపేసి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో దాచేసింది.

అతని ఇంట్లో ఏసీ ఎందుకు లేదని మాత్రం అడక్కండి. ఊళ్లోవాళ్లందరివీ అయ్యాక మనది బిగిద్దామనుకున్నాడు. ఊళ్లోవాళ్లవి ఎప్పటికీ అవలేదు.

కాబట్టి సెలవంటే ముందు గదిలో చాప మీద పడుకోవడమే. పైన ఫ్యాను, పక్కన టేబుల్ ఫ్యాను, రెండూ వేడిగాలినే అటు తోసి ఇటు తోస్తున్నాయి. మొదటి రోజు ఒళ్లు హూనమై నిద్రపోయాడు. రెండో రోజు దిండు కింద దాచుకున్న కాగితం తీశాడు. స్పేర్ పార్టుల షాపువాడు రెండేళ్ల కిందట ఇచ్చిన క్యాలెండరులో జూన్ నెల అది. ఎర్ర చెక్కల ఇల్లు, దాని ముందు సరస్సు, నీళ్లలోకి వెళ్లే చెక్క బల్లల దారి, దాని చివర రెండు కుర్చీలు. అడుగున చిన్న అక్షరాల్లో "స్వీడన్ వేసవి" అని ఉంది.

కళ్లు మూసుకుని అతను ఆ బల్లల మీదుగా నడిచి వెళ్లేవాడు. కుర్చీలో కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టేవాడు. గాలి పద్దెనిమిది డిగ్రీలు. అది అతను ఒంటికి తగలగానే చెప్పగలడు, అదే కదా అతని వృత్తి. అన్నిటికంటే సుఖమైన సంగతి ఇంకొకటుంది. అక్కడ ఎవరి గోడకీ ఏసీ లేదు, ఎవరికీ అతనితో పని లేదు. ఆ మాట తలుచుకుంటేనే కళ్లలో నీళ్లు తిరిగేవి. మనిషి ఎంత అలిసిపోతే అలాంటిదానికి ఏడుపొస్తుందో మీరే ఆలోచించండి.

మూడో రోజు ఆ ఎర్రింట్లోంచి ఎవరో బయటికొచ్చి, "మా ఫ్రిజ్ ఎందుకో చల్లబడట్లేదు, ఓసారి చూస్తారా?" అన్నారు. చక్కటి తెలుగులోనే అన్నారు. అతను ఉలిక్కిపడి లేచి సంచీ కోసం తడుముకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. లోపలి గదిలో కుట్టు మిషన్ ఆగింది. భార్య వెళ్లి తలుపు ఓరగా తీసింది.

"కూలింగు గారున్నారా అమ్మా? ఫోను కలవట్లేదు." బ్యాంకు మేనేజరు గొంతు.

"లేరండీ. ఊరెళ్లారు."

"ఈ ఎండల్లో ఏ ఊరెళ్లారమ్మా?"

"స్వీడన్."

నాలుగడుగుల దూరంలో తలుపు చాటున పడుకున్న కూలింగు ఊపిరి బిగబట్టాడు.

"మరి... ఎప్పుడొస్తారు?"

"చల్లబడ్డాక."

తలుపు గడియ పెట్టి ఆమె పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"స్వీడన్ సంగతి నీకెవరు చెప్పారే?" అన్నాడు అతను లేచి కూర్చుని.

"ఒకరు చెప్పాలా? నిద్రలో పద్దెనిమిది, పద్దెనిమిది అని ఒకటే గొణుగుడు. ఏమిటా అని దిండెత్తి చూస్తే ఈ కాగితం." ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. "బాగుందండీ. ఊరు చల్లగా ఉంటుందా?"

"చల్లగా అంటే చల్లగానే. రాత్రి పదకొండయినా వెలుతురు పోదట."

"అయ్యో రాత! మరి వాళ్లు పని ఎప్పుడు ఆపుతారు?"

ఆమె కాగితాన్ని ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇక్కడ రెండు కుర్చీలున్నాయే. మీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఇదిగో, ఇక్కడే ఒక చిన్న అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. అతనికి అబద్ధం అంత తొందరగా తట్టదు.

"దాని మీద పనిముట్ల సంచీ పెట్టుకున్నా," అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. కోపం లేదు, దెప్పిపొడుపు కూడా లేదు. "సరిపోయింది," అని నవ్వుకుంటూనే లోపలికి వెళ్లిపోయింది. బడులు తెరవబోతున్నాయి. పిల్లల చొక్కాలు నలభై, రేపు సాయంత్రానికి షాపుకి చేరాలి. మిషన్ మళ్లీ మొదలైంది.

అతను కళ్లు మూసుకున్నాడు గానీ సరస్సు రాలేదు. కోపంగా అన్నా బాగుండేది, ఆ నవ్వు మాత్రం మింగుడుపడలేదు. కాసేపు అటూ ఇటూ దొర్లి, చివరికి లేచి, సెలవు మొదలైన నాలుగు రోజుల్లో మొదటిసారి లోపలి గదిలోకి వెళ్లాడు.

గుమ్మంలోనే వేడి మొహానికి కొట్టింది. అలవాటుగా గోడకు అరచెయ్యి ఆనించాడు. నలభై ఒకటి. ఆ అరచెయ్యి ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఆమె వీపు మీద రవికె తడిసి అతుక్కుపోయి ఉంది. పైన ఫ్యాను కదలడం లేదు. అది ఆగిపోయి నెలయింది, చూస్తానన్నాడు, చూడలేదు.

"టేబుల్ ఫ్యాను ఏదే?"

"మీ దగ్గరే ఉందిగా," అంది ఆమె తలెత్తకుండా.

అతనికి సిగ్గుతో చచ్చినంత పనైంది. ముందు గదిలోంచి ఫ్యాను తెచ్చి ఆమె వైపు తిప్పి పెట్టాడు. కత్తిరించి పెట్టిన చేతులూ కాలర్లూ గదంతా ఎగిరిపోయాయి.

"అయ్యయ్యో! అందుకే కదా వద్దనుకుంది! సైజులన్నీ కలిసిపోతాయండీ!"

అతను వంగి ఒక్కొక్కటీ ఏరాడు. నడుం ఎత్తుతుంటే కళ్లు తిరిగాయి, బయటికి చెప్పలేదు. అన్నీ ట్రంకు పెట్టె మీద సర్ది, పైన ఇస్త్రీపెట్టె బరువు పెట్టాడు.

"నువ్వు పడుకో. ఒక్క పది నిమిషాలు."

"నలభై చొక్కాలండీ."

"గుండీలు నేను కుడతాను. కంప్రెసర్లు విప్పినవాణ్ని, గుండీ కుట్టలేనా?"

ఆమె అతని మొహం చూసింది, గోడ గడియారం చూసింది. ఒప్పుకుందంటే ఆమె ఒంట్లో ఎంత ఓపిక మిగిలిందో అర్థం చేసుకోవచ్చు. "నాలుగు కన్నాల గుండీ. రెండు కన్నాల్లో పోనిచ్చి చేతులు దులుపుకోకండి," అని చెబుతూనే నేల మీద, ఫ్యాను ఎదురుగా వాలిపోయింది. "పది నిమిషాలకి లేపండి" అన్న మాట సగంలోనే ఆగిపోయింది.

అతను గోడకానుకుని సూదిలో దారం ఎక్కించాడు. ఎక్కించడానికే ఐదు నిమిషాలు పట్టింది. రెండు చొక్కాలకు గుండీలు కుట్టేసరికి వేలికి సూది మూడుచోట్ల గుచ్చుకుంది. ఆమె నిద్రపోతూనే ఉంది. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి, అతను లేపలేదు. కుడుతూ కుడుతూ మనసులో ఆ బల్లల దారి వెంట నడిచి, రెండో కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టి, కుర్చీని తుడిచాడు. తను రాబోతోందని ఆమెకు చెప్పలేదు. ఊరికే తెచ్చి కూర్చోబెట్టాడు.

అప్పుడు కనిపించింది. నిద్రలో ఆమె కుడిపాదం కదులుతోంది. వేళ్లు కిందికి, మడమ కిందికి, మళ్లీ వేళ్లు కిందికి. అతను మొదట చీమేదో కుట్టిందనుకున్నాడు. తర్వాత ఆ లయ గుర్తుపట్టాడు. ఆమె మిషన్ తొక్కుతోంది.

అతను సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టి, జరిగి, ఆ పాదం మీద చెయ్యి వేశాడు.

"నువ్వూ పని వెంట తెచ్చుకున్నావా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె వినలేదు. పాదం అతని చేతి కింద ఇంకాసేపు తొక్కి, నిదానించి, ఆగింది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలవుతుందేమోనని అతను తియ్యలేదు.