మూడో నెల ఫొటో

వైరు పెట్టంగనే హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమన్నది. కంప్యూటర్ల మాత్రం ఏం కనపడలె.

"ఏమైంది?" అని అడిగిన.

"ఆగు మమతా, జర తెరుచుకోనీ," అన్నడు మా ఆయన పరమేశ్. ఆయన పనిచేసే జిరాక్స్ షాపు ఇది. సేటు అన్నం తినొచ్చే లోపల చూసుకోవాలె.

పక్కన మా అత్తమ్మ ఐలవ్వ ఒళ్లె మా బిడ్డ కృతిక చెయ్యి చీకుతున్నది. తొమ్మిదో నెల నడుస్తున్నది. ఎడమ కన్ను లోపల తెల్లగ మెరుస్తున్నది. నిన్న హైదరాబాద్ల కంటి డాక్టరమ్మ లైటు కొట్టి చూసి, "ఈ తెలుపు ఎప్పటి నుంచి ఉంది?" అనడిగింది. తెల్వదని చెప్పిన. "ఫ్లాష్ వేసి తీసిన పాత ఫొటోలుంటే ఎల్లుండి తీసుకురామ్మా, మంచి కన్ను ఫ్లాషుకు ఎర్రగా పడుతుంది," అన్నది. లోపల గడ్డ ఉండొచ్చన్నది. తర్వాత కన్ను తీసే మాట చెప్పింది, అది నేను సగమే విన్న.

నేను ఎనిమిది దాకనే చదివిన. ఫొటోలు మాత్రం నెలనెలా తప్పకుండ తీసిన. ఎర్ర దుప్పటి మీద బిడ్డ, పక్కన కందిపప్పుతోని పేర్చిన నెల అంకె. మాది చీకటి గది, ఫ్లాష్ లేంది ఫొటో రాదు. ఫోన్ నిండిపోయిందని పోయిన నెల మా ఆయన అన్నీ ఈ డిస్కులకు ఎక్కించి, ఫోన్లకెల్లి తీసేసిండు. ఇంకెక్కడ లెవ్వు.

"పాలు తాగే పిల్లకు గన్ని ఫొటోలెందుకే అని మొత్తుకున్న. దిష్టి తాకింది," అన్నది అత్తమ్మ.

"అమ్మా, జర సప్పుడు చెయ్యకు." ఆయన వేరే వైరు పెట్టిండు.

తెరుచుకోకపోతే డాక్టరమ్మకు ఏం చూపెట్టాలె? తెరుచుకుంటే, ఎన్ని నెలల సంది నా కండ్ల ముందే ఉన్నదో తెలుస్తది. నాకు రెండిటికీ భయమే.

తెరుచుకుంది.

చివరి ఫొటోకెల్లి వెనకకు చూసుకుంట పోయినం. ఎనిమిదో నెల, కన్ను తెల్లగ. ఏడు, తెలుపే. గప్పుడు ఫ్లాష్ పడ్డదనుకున్న. ఆరు. ఐదుల సన్న చుక్క. నాలుగుల మొఖం పక్కకు తిప్పింది, తెలుస్తలేదు. మా ఆయన చెయ్యి ఆగింది.

"నొక్కుండ్రి," అన్న.

మూడో నెల. కాలు తాకి పప్పు చెదిరింది, అంకె వంకర పోయింది. బిడ్డ నవ్వుతున్నది. ఫ్లాషుకు రెండు కండ్లు ఒక్కతీరుగ ఎర్రగున్నయి.

అత్తమ్మ ముందుకు వంగి చూసింది.

"ఐదో నెలకెల్లి," అన్నడాయన. "రేపు గిదే చెప్దాం. అన్నీ ఫోన్లకు ఎక్కిస్త."

"పెన్‌డ్రైవుల గూడ పెట్టుండ్రి. కుల్చారంల ఉన్న మా అమ్మోళ్ల ఫోనుకు గూడ పంపుండ్రి."

"గన్ని కాడ ఎందుకే?"

మూడో నెల ఫొటో మీద వేలు పెట్టిన. "రేపు వాళ్లు కన్ను తియ్యాలంటే..." "ఇది ఒక్క కాడనే ఉండొద్దు."

ఆయన మౌస్ నొక్కిండు. ఫొటోలు ఎక్కుతుంటే తెర మీద పచ్చగీత మెల్లగ నిండుతున్నది. డిస్కు మళ్ల టిక్కుమన్నది. గీత నిండేదాక నేను ఆ వైరు కదలకుండ రెండు వేళ్లతోని పట్టుకొనే నిలబడ్డ.