ఫ్రిజ్‌లో చేరిన బాప్తిస్మ రిజిస్టరు

హౌరా దగ్గరి సంత్రాగాఛి తెలుగు చర్చిలో ఆ ఉదయం బల్లకు ఎదురుగా పాస్టరుగారు, ఆయన పక్కన విశ్రాంత రైల్వే ఉద్యోగి, సంఘ కార్యదర్శి కూడా అయిన యెషయాగారు, చివర గ్రంథాలయంలో పనిచేసే హెప్సీ కూర్చున్నారు. బల్లమీద వాననీటికి తడిసి ముద్దయిన బాప్తిస్మాల రిజిస్టరు ఉంది. కూతురి బాప్తిస్మం నాడు, ఇప్పుడు లేని తన భార్య చేసిన సంతకం అందులో ఉందని యెషయాగారి బెంగ.

"ఎండలో పెడదాం," అన్నారాయన.

"వద్దు తాతా! కాగితాలు అప్పడాల్లా ముడుచుకుపోతాయి. గడ్డకట్టిస్తే బూజు పట్టదు. తరవాత నెమ్మదిగా ఆరబెడతాను," అంది హెప్సీ.

"ఎక్కడ గడ్డకట్టిస్తావేటి?"

"మీ ఇంటి ఫ్రిజ్‌లో, ఐసు అరలోనే. ఆ ఇలిష్ చేపలు కాస్త పక్కకు జరపండి."

"చేపల పక్కన చర్చి రిజిస్టరా!"

"ప్రభువు శిష్యుడు పేతురుగారూ చేపలు పట్టినవారే కదండీ," అని పాస్టరుగారు నవ్వారు.

యెషయాగారు రిజిస్టరును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇంటికి తీసుకెళ్లి తానే స్వయంగా ఫ్రిజ్‌లో పెట్టారు.

రెండు వారాల తరవాత హెప్సీ దాన్ని బయటికి తీసి, ఒక్కొక్క కాగితాన్నీ అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టింది. యెషయాగారి భార్య సంతకమున్న పుట కూడా విడివడింది. సంతకం కొంచెం అలుక్కుపోయింది గాని, చదవగలిగేలాగే ఉంది. యెషయాగారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆ ఆదివారం ఆయన మినిట్సు పుస్తకంలో ఇలా వ్రాశారు: "మన సంఘ రిజిస్టరును నశించకుండా కాపాడిన కుమారి హెప్సీగారి సేవను ఈ సంఘం కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయుచున్నది."