ఎనిమిది రోజుల ప్రెస్సు వంట

మా కోడలు ఆ శాండ్‌విచ్ ప్రెస్సు కొని తెచ్చుకున్న రోజున నేను నవ్వాను. రెండు నల్లటి చారల పలకలు, పుస్తకంలా తెరుచుకుని మూసుకుంటాయి. పైదానికి ఒక పిడి, ముందు ఒక ఎర్రదీపం. వేడెక్కిందంటే దీపం పచ్చగా మారుతుంది. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఏదైనా పెట్టి మూత వేస్తే పైనా కిందా ఒకేసారి కాలుతుంది. అంతే దాని సంగతి. నాదేమో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి. వీధి గదిలో మా ఆయనా నేనూ ఇస్త్రీ కొట్టు నడిపాం, పైన మూడు గదుల్లో కాపురం. మోకాళ్ళు మొరాయించాక నేను పైకెక్కాను, ఆయన ఇంకా కిందే ఉన్నాడు. అలాంటి నాకు బ్రెడ్డుకి ఇస్త్రీ ఏమిటో వింతగా తోచి వేళాకోళం చేశాను. కోడలు నవ్వలేదు. దాన్ని వంటింట్లో పెట్టనూ లేదు. తన గదిలో కిటికీ పక్కన స్టూలు మీద పెట్టుకుంది. సెలవు రోజుల్లో ఆ గదిలోంచి కాలిన వెన్న వాసన వచ్చేది. నేను బంగాళాదుంపలు వేపుతూ, పోనీలే, పిల్ల ముచ్చట అనుకునేదాన్ని.

కోడలు కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీస్తుంది. సన్నటి పని, సన్నటి మాట. మా అబ్బాయి స్కూలు వ్యాను తోలతాడు. వాళ్ళకొక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది. దాన్ని అందరం పిడుగు అనే పిలుస్తాం. ఎంత రహస్యమైనా దాని కడుపులో పది నిమిషాలు నిలవదు.

ఆ పిడుగే ఒక సాయంత్రం నా చేత జడ విప్పించుకుంటూ, కొత్త ఇంట్లో తనకి వేరే మంచం ఉంటుందనీ, కిటికీలోంచి రైలు కనిపిస్తుందనీ చెప్పింది. ఏ కొత్త ఇల్లే అన్నాను. కళ్ళజోళ్ళ కొట్టు వెనక వీధిలో రెండు గదుల వాటా అట. ఆదివారం వాళ్ళమ్మా నాన్నా వెళ్ళి చూసొచ్చారట. నెలాఖరులోగా ఏదో ఒక మాట చెప్పమన్నాడట ఇంటాయన. వంటిల్లు అగ్గిపెట్టంతే గానీ అమ్మకి తెగ నచ్చిందట.

దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. వేరు కుంపటి అన్నమాట. పెళ్ళయి పదేళ్ళు, ఒక్క మాట అనలేదే ఈ పిల్లని. ఐదుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటాం. ఆ బల్ల కూడా పాత ఇస్త్రీ బల్లే, గీసి చూస్తే ఇంకా గంజి వాసన వస్తుంది. ఆ బల్ల దగ్గర మూడు కుర్చీలు ఖాళీగా ఉండడం తలుచుకుంటూ అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మా ఆయనతో చెప్తే, అడిగెయ్యకూడదా అన్నాడు. అడిగితే ఔనంటుంది. అనకముందు అది ఇంకా అవలేదు కదా. అందుకని అడగలేదు.

సరిగ్గా ఆ వారమే మా భవనానికంతా గ్యాసు ఆపేశారు. గొట్టాలు పాతబడ్డాయి, మార్చడానికి ఎనిమిది రోజులు పడుతుందని మెట్ల దగ్గర కాగితం అంటించిపోయారు. ఆ రాత్రికి కోడలు మాటా పలుకూ లేకుండా తన ప్రెస్సుని తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. టొమాటో, చీజు పెట్టి ఐదుగురికీ శాండ్‌విచ్‌లు చేసింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. నా వంటింటి గుమ్మంలో చుట్టం లాగా నిలబడడం నాకదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో మా ఆయనా నేనూ మాత్రమే. ఈ మాత్రం దానికి కోడలు రావాలా అనుకుని నేనే రంగంలోకి దిగాను. బ్రెడ్డు మీద నీళ్ళు చిలకరించాను. నవ్వకండి, వేడి పెట్టె కింద ఏది పెట్టినా ముందు నీళ్ళు చిలకరించడం నా చేతికి అలవాటు. మధ్యలో గుడ్డు కొట్టి పోశాను, చీజు పెట్టాను, మూత దించి ఒంటి బరువంతా దాని మీద వేశాను. చొక్కా జేబు మడతల్ని అణిచినట్టు అణిచాను. చారల్లోంచి గుడ్డు ఒక పక్క, చీజు ఒక పక్క కారి గట్టు దాకా వెళ్ళాయి. మిగిలినదాన్ని పళ్ళెంలో పెట్టి మా ఆయన ముందుంచితే, ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"కాలరు బాగా కుదిరిందే," అన్నాడు. "చొక్కా ఎక్కడ?"

అంతటితో ఆగినా బాగుండేది. పలకలకి మాడు అంటుకుంది. కోడలు వచ్చేలోగా శుభ్రం చేద్దామని కూర్చున్నాను. ఇస్త్రీ పెట్టె అడుగున గంజి మాడితే మేం కల్లుప్పు వేసి రుద్దుతాం, అప్పటికీ పోకపోతే గరుకు కాగితం. అడుగు అద్దంలా మెరవాలి, లేకపోతే తెల్లచొక్కా కొంప ముంచుతుంది. ఈ పలకలేమో ఎంత రుద్దినా నల్లగానే ఉన్నాయి. పాపం ఈ పిల్లకి తోమడం రాదు, కొన్న నాటి నుంచీ మాడు పేరబెట్టింది అనుకున్నాను. కింది నుంచి గరుకు కాగితం తెప్పించి రెండు గంటలు రుద్దాను. నలుపు పొడిపొడిగా రాలింది. సాయంత్రానికి రెండు పలకలూ వెండి గిన్నెల్లా తళతళలాడాయి. నా భుజం పీకేస్తున్నా మనసు మాత్రం హాయిగా ఉంది. రాగానే చూపిద్దామని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

కోడలు వచ్చింది, చూసింది. వేలితో పలకని ఒకసారి తడిమింది.  చేతిసంచీ భుజానికి అలాగే ఉంది. తర్వాత వెళ్ళి ముఖం కడుక్కుంది, నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ నలుపు మాడు కాదట. అంటుకోకుండా పలకలకి వేసిన పూతట. మా అబ్బాయి చెప్పాడు, తల గోక్కుంటూ. పిడుగు ఊరుకుంటుందా, నా చెవి దగ్గర చేరి, అమ్మ ఇంటాయనకి ఫోను చేసింది నాన్నమ్మా, శనివారం వచ్చి వాటా ఖాయం చేస్తామంది అని చెప్పేసింది.

ఆ రాత్రి బ్రెడ్డు పలకలకి అతుక్కుని చిరిగి చింపిరిగుడ్డలై వచ్చింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం. ఇంట్లో ఎవరూ ఏమీ అనకపోవడం ఉందే, తిట్టినంత పని. మా అబ్బాయి రెండోసారి కూడా అడిగి వేయించుకున్నాడు, పాపం, అదొక ఓదార్పు అనుకున్నట్టున్నాడు.

గిన్నెలు కడిగేటప్పుడు నేనే నోరు విప్పాను. పొరపాటయిందనీ, కొత్తది కొనిపెడతాననీ చెప్పాను. కోడలు చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"పలకలు పోతే పోయాయి, అత్తయ్యా. అది కాదు," అంది. "పదేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. ఈ పొయ్యి మీద నేను వండింది ఏదైనా ఒక్కటి చెప్పండి."

ఆలోచించాను. నాకు గుర్తుండని సంగతంటూ లేదు. మా అబ్బాయికి మొదటి పన్ను ఏ వారం వచ్చిందో చెప్పగలను. ఎవరి పెళ్ళి చొక్కాకి ఎన్ని గుండీలో చెప్పగలను. కానీ అది గుర్తు రాలేదు, ఎందుకంటే లేదు. ఒకసారి కాఫీ కలపబోతే చెంబు లాక్కున్నాను. ఒకసారి దాని పుట్టినరోజున ఏదో చేస్తానంటే, నువ్వు కూర్చో తల్లీ, పుట్టినరోజు నాడు కష్టపడతావా అన్నాను.

ఎందుకలా చేశానో చెప్పాను. నేను పదిహేడేళ్ళకి కాపురానికి వచ్చాను. వచ్చిన మర్నాటి నుంచీ పదకొండు మందికి వండాను. చూలింతగా ఉన్నప్పుడు కూడా పొగలో నిలబెట్టారు, ఒక్కరు గరిటె అందుకున్న పాపాన పోలేదు. నాకు కోడలు వచ్చిన నాడు దాని చేత గరిటె పట్టనివ్వను, కాలు మీద కాలు వేసుకుని తిననిస్తాను అని ఒట్టు పెట్టుకున్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. దాన్ని ప్రేమ అనుకున్నాను.

"నాకు వండడం ఇష్టం," అంది కోడలు. నేల వైపు చూస్తూ చెప్పింది, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "మా పుట్టింట్లో నేనే వండేదాన్ని. ఇక్కడ చుట్టపుచూపుకి వచ్చినట్టుంటుంది."

నేను కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను. 

మర్నాడు పొద్దున్నే ఒక పని మాత్రం చేశాను. పట్టుబట్టకి ఇస్త్రీ పెట్టేటప్పుడు పెట్టెకీ బట్టకీ మధ్య పల్చటి గుడ్డ వేస్తాం. అలాంటిదేదైనా ఇక్కడ వెయ్యకూడదా అని అడిగాను.  సాయంత్రం కోడలు వస్తూ బేకరీలో కేకుల కింద వేసే నూనె కాగితం చుట్ట ఒకటి పట్టుకొచ్చింది. పైనొక కాగితం, కిందొక కాగితం. ఆ రోజు బ్రెడ్డు ఊడి వచ్చింది, చారలు చారలుగా, ఎర్రగా, అంచులు కరకరలాడుతూ.

ఇక చూడాలి కోడలి పని. నేను చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చుని చూడడం నేర్చుకున్నాను. వెన్న లోపల కాదు, బయటి వైపు రాస్తుంది. టొమాటోలు కోసి ఉప్పు చల్లి పావుగంట పక్కన పెడుతుంది, నీరు దిగాక గానీ లోపలికి రానివ్వదు. మూత దించి వదిలేస్తుంది, వేలు కూడా ఆనించదు, దాని బరువు దానికి చాలు అంటుంది. వంకాయ చక్రాలు నూనె రాసి కాల్చింది. చేప ముక్కని కాగితంలో చుట్టి పెట్టింది. మందపాటి బ్రెడ్డుకి మధ్యలో గిన్నెతో గుంట చేసి, మూత తెరిచే ఉంచి, ఆ గుంటలో గుడ్డు కొట్టింది. నేను పోసిన గుడ్డు గట్టెక్కి పారిపోయింది, దానిది కదలకుండా కూర్చుంది. ఆఖరికి అరటిపండూ బెల్లమూ పెట్టి కాల్చిన రోజున మా ఆయన కొట్టు అరగంట ముందే కట్టేసి పైకొచ్చాడు.

ఇంకొకటి. వండేటప్పుడు ఆ పిల్ల మాట్లాడుతుంది. పదేళ్ళుగా నోట్లో నాలుక లేదనుకున్నానా, పొయ్యి దగ్గర నిలబెడితే నన్ను మించిపోయింది. కళ్ళజోళ్ళ కొట్టుకి వచ్చే ముసలాయన ఒకడు నుదుటి మీద జోడు పెట్టుకుని జోడు పోయిందని పోట్లాడిన వైనం చెప్తే, నేను కోస్తున్న వంకాయ వదిలేసి నవ్వాను. అలా నవ్వుతున్నప్పుడు కూడా లోపల ఒక మూల శనివారం, శనివారం అని కొట్టుకుంటూనే ఉంది.

శనివారం పొద్దున గ్యాసు వచ్చింది. కోడలికి మధ్యాహ్నం దాకా కొట్టు ఉంది. నేను అలవాటు కొద్దీ పొయ్యి వెలిగించి గిన్నె పెట్టేశాను. నీలంగా మంట చూడగానే ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు కాగాయి కూడా. అప్పుడు ఆర్పేశాను. గిన్నె దించాను. పన్నెండయింది, ఒంటిగంట అయింది. మా ఆయన రెండుసార్లు పైకొచ్చి పొయ్యి వైపూ నా వైపూ చూసి, ఏదో అర్థమైనట్టు తల ఆడించి, మంచినీళ్ళు తాగి దిగిపోయాడు. నా కడుపులో పేగులు అరుస్తున్నాయి. నా జన్మలో నేనింత కష్టమైన పని చెయ్యలేదు, ఉత్తినే కూర్చోవడం.

రెండింటికి కోడలు వచ్చింది. ఖాళీ పొయ్యి చూసి చెప్పులు విప్పకుండానే నిలబడింది.

"గ్యాసు ఇంకా రాలేదా, అత్తయ్యా?"

"పొద్దున్నే వచ్చింది."

"మరి?"

"ఏం వండాలో నాకు తోచలేదమ్మాయ్," అన్నాను. "నువ్వు చెప్తే కూరలు తరుగుతాను."

అది నా ముఖంలోకి చూసింది. నేను అబద్ధం ఆడుతున్నానని దానికి తెలుసు. యాభై ఏళ్ళు వండిన దాన్ని, నాకు తోచకపోవడమేమిటి? తర్వాత చెప్పులు విప్పింది. గట్టు మీద వరసగా ఉన్న నా డబ్బాల్ని చూపించి, ఇవి పై అరలోకి వెళ్తే ప్రెస్సు ఇక్కడే ఉంచుకోవచ్చు కదా అని అడిగింది. పదకొండు డబ్బాలు. నేను ఒక్కొక్కటే అందిస్తుంటే అది స్టూలెక్కి పైన సర్దింది. మధ్యలో ఫోను మోగింది. స్టూలు మీదే నిలబడి, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కి పెట్టుకుని మాట్లాడింది.

"లేదండీ, రావడం లేదు. ఆ వాటా ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి... అబ్బే, ఇల్లు బాగుంది. మాకే ఇక్కడ కుదిరింది."

నేను డబ్బా పైకి అందించాను. అది అందుకుంది. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. పిడుగుకి మాత్రం రైలు పోయిందని రెండు రోజులు ముఖం మాడిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనం నాలుగింటికి అయింది. పొయ్యి మీద ఒకటి, ప్రెస్సులో ఒకటి, రెండు చోట్లా కోడలే తిరుగుతోంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. కోడలు వచ్చి పళ్ళెంలోకి తొంగి చూసింది.

"ఇంత లావుగా అయితే లోపల పచ్చిగా ఉండిపోతాయి, అత్తయ్యా. ఇంకాస్త సన్నగా."

యాభై ఏళ్ళలో నా ఉల్లిపాయకి వంక పెట్టిన వాళ్ళు లేరు. తరిగినవన్నీ మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క ముక్కనీ రెండు చేశాను.