నోటీసులో రాయని సగం పాట

పెద్దమేడం రిటైరై ఆరేళ్లయినా హాజరు తీసుకోవడం మాత్రం మానలేదు. బడిపిల్లలు లేకపోతేనేం, పిట్టలున్నాయి కదా! పెరట్లో నిమ్మచెట్టు కొమ్మకు వేలాడదీసిన గింజల పళ్లెం దగ్గరికి రోజూ ఏడింటికి ఎవరొచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో, ఎవరు పక్కవాళ్ల గింజలు లాక్కున్నారో అంతా ఒక రూళ్ల పుస్తకంలో రాసి పెట్టేది. పిచ్చుకలు పదకొండు, పావురాలు రెండు, క్రమశిక్షణ బొత్తిగా లేని కాకి ఒకటి.

ఆ మంగళవారం పళ్లెం అంచున కొత్త విద్యార్థి కనబడింది. పసుప్పచ్చని ఒళ్లు, నెత్తిన నిక్కబొడుచుకున్న జుట్టు, బుగ్గల మీద గుండ్రటి నారింజ మచ్చలు, కుడికాలికి నీలం రింగు. పంజరాల్లో పెంచే కాకటీల్ అనే చిలుక. ఎవరింట్లోంచో తప్పించుకొచ్చింది. పిచ్చుకలన్నీ కలిసి నాలుగు తోపులు తోసేసరికి దానికి ఏడుపొక్కటే తక్కువ.

మేడం తన అడుగు స్కేలు చాపింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆ స్కేలు చూసి పారిపోయిన వాళ్లే గానీ దగ్గరికొచ్చిన వాళ్లు లేరు. ఈ పిట్ట మాత్రం దర్జాగా ఎక్కి కూర్చుంది. ఆవిడ మనసు పొంగిపోయింది. దాన్ని అద్దాల వరండాలోకి తీసుకెళ్లి, కదిలితే ఎగిరిపోతుందేమోనని భుజంతో తలుపు మూసింది.

కాసేపటికి ధైర్యం చిక్కి పిట్ట ఈల మొదలుపెట్టింది. చక్కటి పాట. సరిగ్గా తొమ్మిది స్వరాలు పలికి, పదోదానికి మెడ సాచి, టక్కున ఆపేసింది. మళ్లీ మొదట్నుంచి. మళ్లీ అక్కడే. సగంలో వదిలేసిన పనంటే మేడానికి ఒళ్లుమంట. పుస్తకంలో ఎర్రసిరాతో 'పాట: అసంపూర్తి' అని రాసి, కింద గీత కూడా కొట్టింది.

ఆ తర్వాత నోటీసు రాయడానికి కూర్చుంది. ఆవిడ నోటీసంటే మాటలా! రంగు, మచ్చలు, ఏ కాలికి రింగు, రింగు మీద పద్నాలుగో నంబరు, ముక్కు మీద సన్నటి గీత, గొడుగు చూస్తే భయం... ఒక్కటీ వదల్లేదు. పాట సంగతి మాత్రం రాయలేదు. పూర్తికాని పనిని నలుగురి ముందూ పెట్టడం ఆవిడకి నచ్చదు. వీధి మలుపులో కోడలికి జిరాక్స్ షాపుంది. సాయంత్రానికల్లా యాభై కాపీలు గోడలెక్కాయి.

బుధవారం పొద్దున్నే గుమ్మం ముందు తొమ్మిదిమంది తేలారు. మేడం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి పరీక్ష పెట్టింది. అందరూ ఆనవాళ్లు పొల్లుపోకుండా అప్పజెప్పారు. అందులో బుర్రమీసాలాయన అయితే అడక్కముందే గొడుగు భయం దాకా చెప్పుకుపోయాడు. అతని చురుకుదనానికి ముచ్చటపడి, పిట్ట మీదేనంది మేడం. నాలుగింటికి పంజరం తెస్తానని వెళ్లాడు.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన కోడలు సంగతి విని నవ్వాపుకోలేకపోయింది.

"అత్తయ్యా, ప్రశ్నపత్రంతో పాటు జవాబులు కూడా అచ్చేసి గోడలకి అంటించాం కదా!"

మేడం నాలుక్కరుచుకుంది. సర్వీసంతా ఒక్క పేపరు బయటికి పొక్కనివ్వని మనిషి!

"అచ్చేసేటప్పుడు నువ్వైనా చెప్పలేదేమే?"

"మీరు రాసినదాంట్లో తప్పు పట్టే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది చెప్పండి? మీ అబ్బాయికే లేదు. అయినా ఆ మీసాలాయన పిట్టలమ్మే కొట్టాయనండీ. రేపీపాటికి అమ్మేస్తాడు."

మేడానికి అన్నం సయించలేదు. ఇచ్చిన మాట ఎన్నడూ తప్పలేదు. నిలబెట్టుకుంటేనేమో పిట్ట సొంతవాళ్లకి శాశ్వతంగా దూరమవుతుంది. తన తెలివితక్కువతనానికి ఆ పిచ్చిది బలైపోతుందని ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది.

మూడున్నరకి గేటు చప్పుడైంది. నలభై ఏళ్ల మనిషి, చేతిలో తెల్లకర్ర.

"ఇక్కడ పిట్ట దొరికిందటగా అమ్మా? నేను పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ని. మా నర్సమ్మ గోడ మీద చూసి, అడ్రసు చెప్పింది."

మేడం అలవాటుకొద్దీ అడిగేసింది. "రంగు?"

"అమ్మినాయన పసుపన్నాడు. నమ్మడం తప్ప నాకు వేరే దారేది!" అని నవ్వాడు.

మేడం మొహం మాడిపోయింది. తన పరీక్షలో ఇతనికొచ్చేది గుండుసున్నా. గొంతు తగ్గించి అడిగింది. "మరి దాని గురించి మీకేం తెలుసు బాబూ?"

"భుజం మీద దాని బరువు తెలుసు. పొద్దున్నే చెవి కొరికి లేపుతుంది. ఆదివారం గాలి కోసమని కిటికీ తీసి మర్చిపోయాను. అప్పట్నుంచీ ఇంట్లో నా చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదమ్మా."

మేడం అతనికి కుర్చీ జరుపుతుండగానే మీసాలాయన పంజరంతో దిగాడు. అరగంట ముందే వచ్చాడు.

"ఒక్క ప్రశ్న మిగిలిపోయిందండీ," అంది మేడం గొంతు సవరించుకుని. "ఈ పిట్ట ఏం పాట పాడుతుంది?"

"దానికి రాని పాటుందా మేడం! ఏది అడిగితే అది పాడుతుంది," అన్నాడు మీసాలాయన ధీమాగా.

ఆపరేటరు సిగ్గుపడ్డాడు. "పాటంటే... దానికి వచ్చింది సగమే. తప్పు నాదేలెండి."

అతను ఈలేశాడు. తొమ్మిది స్వరాలు. టక్కున ఆపాడు. వెంటనే వరండాలోంచి అవే తొమ్మిది స్వరాలు. అక్కడే ఆగాయి. తర్వాత అద్దం మీద టపటపా రెక్కల చప్పుడు.

"ఆసుపత్రికి ఫోన్ చేస్తే నేను పలికేదాకా మోగే పాటమ్మా అది. నా చెవిలోనూ మోగుతుంది. అవతల ఎవరికి ఏ కష్టమొచ్చిందో అని తొమ్మిదో స్వరానికల్లా ఎత్తేస్తాను. పదేళ్లయింది, మిగతా సగం నేనూ వినలేదు. ఇంట్లో ఈలేసినా అంతవరకే వస్తుంది."

మేడం పుస్తకం తెరిచి, ఎర్రసిరాతో రాసినదాన్ని కొట్టేసింది. మీసాలాయన తనకీ అచ్చం ఇలాంటిదే ఉండేదని ఏదో గొణిగి, ఖాళీ పంజరంతో తోకముడిచాడు. వరండా తలుపు తీయగానే పిట్ట సూటిగా ఆపరేటరు భుజమెక్కి చెవి కొరికింది. అతను "అబ్బా!" అని, ఆనందం పట్టలేక పెద్దగా నవ్వాడు. మేడానికీ నవ్వొచ్చింది. కళ్లజోడు తుడుచుకోవాల్సీ వచ్చింది.

వారం తిరక్కుండానే ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసింది. తొమ్మిది స్వరాలు మోగాయి.

"నమస్కారం, ఆసుపత్రి."

"నేను బాబూ, పిట్టల మేడాన్ని. మోకాళ్ల డాక్టరు ఎప్పుడుంటాడో కనుక్కుందామని."

"మోకాళ్ల నొప్పులా?"

"అవి శుభ్రంగా ఉన్నాయి. అదెలా ఉంది?"

అతను నవ్వాడు. "బ్రహ్మాండంగా ఉందమ్మా. మీకు సగం పని నచ్చదని ఆ రోజు వీధి మలుపులో మీ కోడలుగారు చెప్పారు. ఒక్కసారి ఎత్తకుండా ఆగితే మిగతా సగం నేనూ నేర్చుకుని దానికీ నేర్పుతాను. ఏమంటారు?"

మేడం పెరట్లోకి చూసింది. పళ్లెం దగ్గర పిచ్చుకలు పదకొండూ హాజరు.

"వద్దు నాయనా," అంది. "మళ్లీ ఎప్పుడైనా ఇటొస్తే నేనెలా గుర్తుపట్టను?"