తెరచాప మీద పసుపు

తెరచాపని దుప్పటిలా మడతపెట్టే మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెరచాపని చుట్టాలి, మడవకూడదు. మడిస్తే ఆ మడత దగ్గరే నూలు చిట్లుతుంది. ఈ ముక్క కువైట్‌లో, ఖైతాన్ పేటలోని నా కుట్టుషాపు గోడ మీద అరబీలోనూ ఇంగ్లీషులోనూ రాసి అంటించాను. చదివేవాడు లేడు. ఊరవతల కబ్ద్ తోటలకి డేరాలు, కార్లకి కవర్లు కుట్టడం నా రోజువారీ పని. పడవల వాళ్ళు వచ్చేది అప్పుడప్పుడు. వచ్చినవాళ్ళతో ముందు పోట్లాడి ఆ తర్వాత పనిచేస్తానని నాకు పేరు. "వెంకటరాజు చేతిలో సూది, నోట్లో దబ్బనం" అంటారు మా కోనసీమ కుర్రాళ్ళు. ఆయ్, నిజమే.

మార్చి నెల, గురువారం మధ్యాహ్నం. ఒకావిడ మూటొకటి గుండెలకి హత్తుకుని షాపులోకి వచ్చింది. బల్ల మీద పెట్టి విప్పితే తెరచాప. మడతల మీద మడతలు.

"అన్నా, నువ్వు తెలుగాయనంట కదా. నా పేరు సుబ్బరత్నమ్మ. మాది రాయచోటి కాడ. నన్ను తిట్టు, కొట్టు, గానీ దీన్ని మాత్రం బాగుచెయ్యి."

తిట్టమని అడిగిన మనిషి నాకు అదే మొదలు. అంతగా అడిగాక కాదంటే బాగుండదని మడతల గురించి ఓ విడత తిట్టాను. ఆవిడ తలొంచుకుని విన్నది. అప్పుడు గుడ్డ పరిచి చూశాను.

అది నాకు తెలిసిన తెరచాపే. పల్చటి పాత నూలుగుడ్డ. కిందటేడు అబ్దుల్ సలాం అనే డ్రైవరు తెచ్చి అంచు కుట్టించుకుని పోయాడు. దాని నడిమధ్య గోధుమరంగు అరచేతి మరక ఒకటి ఉంటే, ఊరికే తీసిపెడతానన్నాను. "దాన్ని ముట్టుకున్నావంటే చూడు" అని నా మీదికొచ్చాడు. మంచికి పోతే చెడు ఎదురైందని అప్పట్లో తిట్టుకున్నాను.

ఆ చెయ్యి అలాగే ఉంది. దాని పక్కన, రెండు వేళ్ళ దూరంలో, ఎర్రటి మరక కొత్తగా వచ్చింది. అంచులు తడిగా ఉన్నాయి.

"రక్తమా?"

"కాదన్నా, పసుపు."

"సబ్బు పెట్టావా?"

"టైడు పెట్టి రుద్దినా. రుద్దేకొద్దీ ఎర్రగయిపాయ. నా గుండె ఆగినంత పనయింది."

పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. దిష్టి తీసేటప్పుడు పళ్ళెంలో పసుపూ సున్నమూ కలిపే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. కంగారులో ఆవిడకి తట్టలేదు.

"క్లోరాక్స్ బ్లీచి గానీ పోశావా?"

"పోయబోయినా. ఆ వాసనకి బయమేసి మూత పెట్టేసినా."

"బతికించావు. ఇంతకీ తెరచాపకి పసుపేంటమ్మా? ఇదేవన్నా గడపా?"

అప్పుడు చెప్పింది. ఆవిడ పనిచేసే ఇంట్లో దానా అనే అమ్మాయి ఉంది. పాలు తాగే వయసు నుంచీ ఈవిడే పెంచింది. ఆ పిల్ల తండ్రికి చిన్న చెక్క పడవంటే ప్రాణం. ఓసారి చెక్కకి చేపనూనె రాస్తూ రాస్తూ ఆ చేత్తోనే తెరచాప పట్టుకున్నాడు. మరక ఉండిపోయింది. ఆ మరుసటేడు జబ్బు చేసి ఆయన పోయాడు. అప్పట్నుంచి ఆ పిల్ల రోజూ పడుకోబోయే ముందు ఆ మరక మీద తన చెయ్యి ఆనించి చూసుకుంటుంది. రేపు శుక్రవారం పొద్దున షర్క్ సముద్రం ఒడ్డున ఆ పడవని మొదటిసారి తనొక్కతే తీసుకెళ్తుంది.

"నీళ్ళంటే నాకు బయమన్నా. మా పక్క బోరులో రోన్ని నీళ్ళు పడితేనే టెంకాయ కొడతాం. అన్ని నీళ్ళలోకి పాప ఒక్కతే పోతాదంటే నేనేం చేతును? కొత్త బండికి పూసినట్ల, వాళ్ళ నాయన చెయ్యి పక్కన రోంత పసుపు పూసినా. ఆయనా చూసుకుంటాడు, దేవుడూ చూసుకుంటాడని. మళ్ళా రాత్రికి నాకే బయం పట్టుకునె. పాప స్నేహితులు చూసి నవ్వితే? మామా, అదే పాప వాళ్ళమ్మ, చూసి ఇదేందంటే? తెల్లారి లేసి ఉతికినా."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అన్నాను.

ఆవిడ నా మాట విన్లేదు. మరక అంచునే చూస్తోంది. "ఎరుపు పాకతాంది చూడన్నా. ఆ చెయ్యి మీదికి పోతే పాపకి వాళ్ళ నాయన చెయ్యి ల్యాకుండా పోతాది. ఇన్నేండ్లు నేనూ ఆ ఇంటి మనిషినే అనుకుంటి. దాన్ని పోగొట్టినాక నేనెవురన్నా? పనిమనిషినే."

నా నోట్లో దబ్బనం ఎక్కడికి పోయిందో తెలీదు. "కూర్చో చెల్లెమ్మా, చూద్దాం" అన్నాను.

చిక్కెక్కడంటే, చేపనూనె మరక సబ్బుకీ పోతుంది, పెట్రోలుకీ పోతుంది. పసుపుని వదిలించే తడి ఏదీ ఆ చెయ్యి దాకా పోకూడదు. కింద పొడి తువ్వాలు పరిచాను. రెండు మరకల మధ్య పౌడరు దట్టంగా గట్టులా పోశాను, తడి వస్తే పీల్చుకుంటుందని. పుల్లకి దూది చుట్టి, నిమ్మరసంలో ముంచి, ఎరుపు మీద రుద్దకుండా అద్దడం మొదలుపెట్టాను. ఊపిరి బిగబట్టి అద్దుతుంటే ఎరుపు మెల్లగా విరిగి పచ్చబడింది.

"అయ్యో, మళ్ళా పసుపే అయిపాయ!"

"అవ్వాలి. పసుపు సబ్బుకి లొంగదు, ఎండకి లొంగుతుంది. కువైట్‌లో ఎండకేం కరువు? పద."

మంచినీళ్ళ దూదితో పులుపంతా అద్ది తీసేసి, గుడ్డ మేడ మీదికి తీసుకెళ్ళాం. పాత దుప్పటికి అరచేతంత కన్నం కోసి తెరచాప మీద కప్పాను. పసుపు ఒక్కటే ఎండకి, చెయ్యి నీడకి. గాలికి దుప్పటి జరక్కుండా ఆవిడ అంచు మీద కూర్చుంది. నేను నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను.

"నీకు నీళ్ళంటే బయంల్యాదా అన్నా?"

"గోదారి పాయ పక్కన పుట్టినోడికి భయమేంటమ్మా. మా పక్క కొత్త పడవ దించేటప్పుడు మేమూ పసుపు కుంకాలు పూస్తాం. పడవ ముక్కుకి పూస్తాం. గుడ్డకి పూసిందాన్ని నిన్నే చూశా."

"ముందే చెప్పింటే ఇంత జరిగేదా!"

"అవును మరి, తప్పంతా నాదే" అన్నాను. ఆవిడ అప్పుడు మొదటిసారి నవ్వింది.

ఎండ జరిగేకొద్దీ మేమూ జరిగాం. పక్క బిల్డింగు నీడ మా వెనకే వచ్చింది. పసుపు వెలిసి వెలిసి మీగడ రంగుకి వచ్చింది. ఆఖరికి ఎండ మేడ అంచు దాటేసరికి, ఇక్కడ ఒకటి ఉండేదని తెలిసినవాళ్ళకి తప్ప కనపడనంత మిగిలింది. దుప్పటి ఎత్తి చూశాను. చెయ్యి చెక్కుచెదరలేదు. అయిదు వేళ్ళూ ఉన్నాయి. సుబ్బరత్నమ్మ రెండు చేతులూ జోడించింది, నాకో, సూర్యుడికో.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తీసుకెళ్ళడానికి రమ్మని ఆవిడ అంతకుముందే వాళ్ళింటి డ్రైవరు అబ్దుల్ సలాంకి ఫోన్ చేసింది. అతను వచ్చాడు గానీ, అతని ముందు ఒక అమ్మాయి ఎక్కొచ్చింది. పదిహేనేళ్ళుంటాయి. స్కూలు చొక్కా, విప్పేసిన జుట్టు.

"యాడికి పోయినావు రత్నమ్మా? ఫోనన్నా ఎత్తవే? షెడ్డులో తెరచాప ల్యాదు, నువ్వూ ల్యావు. నాకెంత బయమయిందో!"

నేను నోరు తెరిచాను. కువైటీ పిల్ల నోట అచ్చమైన రాయచోటి యాస. ఇన్నేళ్ళ నుంచీ ఇక్కడున్నాను, ఇలాంటిది వినలేదు.

దానా గుడ్డ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి చెయ్యి మీద తన చెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత దాని పక్కన తడిమింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇక్కడ ఉన్నింది యాడ బోయింది?"

"ఏంది పాపా?"

"పసుపు. నిన్ననే చూసినా. పరీక్షలప్పుడు నా పుస్తకాలకి పెడతావు కదా, అట్లాంటిదే. మా బాబా చెయ్యి పక్కన రత్నమ్మ అనుకుంటి. ఎందుకు తుడిచేసినావు?"

ఆ మాటకి సుబ్బరత్నమ్మ కూలబడి పిల్లని పొదివి పట్టుకుని ఏడ్చింది. మధ్యాహ్నమంతా ఎండలో మాడి నేను వదిలించింది ఇదన్నమాట. నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు.

కళ్ళు తుడుచుకుని ఆవిడ సంచిలోంచి పసుపు పొట్లం తీసింది. అప్పుడొచ్చింది కోపం.

"ఆగవమ్మా! నా కళ్ళ ముందే గుడ్డకి మళ్ళీ పసుపా? అది పడవ ముందు కొసకి, చెక్కకి. రేపు పొద్దున!"

దానా తలెత్తింది. "అయితే నువ్వే వచ్చి పెట్టల్ల రత్నమ్మా. నీళ్ళలోకి దిగి."

"ఒడ్డు దాకా వస్తాలే."

"మోకాళ్ళ దాకా."

"పాదాల దాకా."

బేరం తెగలేదు. నేను తెరచాప గొట్టానికి చుట్టి, చెయ్యి లోపలివైపు వచ్చేలా చూసి, సుబ్బరత్నమ్మ చేతికే ఇచ్చాను.

మర్నాడు షర్క్ వెళ్ళాను. కిందటేడు వేసిన అంచు కుట్టు ఎలా ఆగిందో చూద్దామని వెళ్ళానని ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి, ఎవరూ అడగలేదు. సుబ్బరత్నమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని, రెండో చేత్తో చెక్కకి పసుపు పూస్తోంది. దానా వెనక నుంచి నడుం పట్టుకుని ఉంది. తర్వాత పిల్ల పడవెక్కి తెరచాప లాగింది. గాలి నిండగానే ఆ అయిదు వేళ్ళూ విచ్చుకుని ఒడ్డు నుంచి కూడా కనపడ్డాయి.

పడవ దూరం పోయింది. అలలు వచ్చి సుబ్బరత్నమ్మ చీర నడుం దాకా తడిపాయి.

"ఇంక బయటికి రా చెల్లెమ్మా, నీకు నీళ్ళంటే భయం కదా" అని కేకేశాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"ఉండన్నా, పాప వచ్చేదాకా" అంది.