పక్కింటి ప్రతివాది

పదకొండేళ్ళలో వినిఫ్రెడ్ గాంట్ మీద పక్కింటి హెక్టర్ సగ్డెన్ ముప్పై నాలుగు కేసులు వేశాడు. ఆవిడ బట్టలారేసే తీగ నీడ తన పాలకూర మడి మీద పడుతోందని ఒకటి. ఆవిడ కెటిల్ కూత తన ఆలోచనలకు అడ్డొస్తోందని ఒకటి. ఆవిడ పిల్లి తనను అదోలా చూస్తోందని ఇంకొకటి. పిల్లి చచ్చిపోతే, సాక్ష్యాన్ని మాయం చేసిందని మరొకటి. కోర్టు అన్నింటినీ కొట్టేసేది. కొట్టేసిన జడ్జి మీద సగ్డెన్ ఫిర్యాదు పెట్టేవాడు. పనీపాటా లేని మనిషికి కాగితమూ కలమూ దొరికితే ఇంతే మరి.

ఇన్నాళ్ళూ ఎలాగో భరించింది కానీ, ఇప్పుడావిడ ఇల్లు అమ్మాలి. విట్బీలో సముద్రం పక్కన చెల్లెలు మాడ్ ఉండే మేడలో కింది వాటా ఖాళీ అయింది. "సెప్టెంబరు దాకా ఆగుతారట అక్కా. ఆ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. ముసలితనంలో ఒకళ్ళకొకళ్ళం ఉందామే!" అని మాడ్ ఫోన్లో పోరుతోంది.

అక్కడి చట్టం ప్రకారం ఇల్లు అమ్మేవాళ్ళు ఇరుగుపొరుగుతో ఉన్న తగాదాలన్నీ కొనేవాళ్ళకు ఫారంలో రాసివ్వాలి. అందుకు నాలుగు గీతల జాగా ఇచ్చారు. అబద్ధం రాయడం చేతకాని వినిఫ్రెడ్ పదిహేడు కాగితాలు జతచేసింది. ముగ్గురు కొనుగోలుదార్లు వచ్చినవాళ్ళు వచ్చినట్టే పరుగు పెట్టారు.

ఇక లాభం లేదని, ఈ మనిషిని కట్టడి చేయమంటూ ఆవిడే కోర్టుకెక్కింది. జూలైలో విచారణ. జడ్జి పార్జెటర్ గారు కాగితాల గుట్ట వెనక నుంచి తల పైకెత్తారు.

"సగ్డెన్ గారూ, పిల్లి చూపు వల్ల మీకు కలిగిన నష్టమేమిటి?"

"మనశ్శాంతి పోయిందండీ."

"పిల్లి పోయి ఆరేళ్ళయింది కదా?"

"చూపు పోలేదండీ. ఇంకా కళ్ళముందే ఉంది."

జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. మూడేళ్ళపాటు తన అనుమతి లేకుండా హెక్టర్ సగ్డెన్ ఎవరి మీదా ఏ కేసూ వేయరాదని తీర్పు చెప్పారు. అనుమతి అడగాలన్నా, ముందు అవతలివాళ్ళకు నోటీసు ఇచ్చుకోవాలి.

"ఇది అన్యాయం! దీని మీద కేసు వేస్తాను!"

"వేయండి. ముందు నన్నడిగి వేయండి."

ఆ సాయంత్రం వినిఫ్రెడ్ గెలిచిన సంబరంలో చీజ్ పెట్టుకుని రెండు ముక్కలు ఫ్రూట్ కేక్ తింది. మర్నాడు ఫారం ముందేసుకుంటే అసలు సంగతి తట్టింది. ఈ తీర్పు కూడా అందులో రాయాలి కదా! గెలిచిన కాగితమే మెడకు గుదిబండ అయింది. కోర్టు ముద్ర చూడగానే నాలుగో కొనుగోలుదారు టీ కూడా తాగకుండా లేచిపోయాడు.

ఆగస్టు మొదట్లో లంబ్ అనే బొద్దు మనిషి వచ్చాడు. వంటింట్లో కూర్చుని తీర్పును రెండుసార్లు చదివాడు.

"మూడేళ్ళా?"

"మూడేళ్ళు."

"ఎవరి మీదా వేయలేడా?"

"జడ్జిగారు ఒప్పుకుంటే తప్ప వేయలేడు."

"మేడ మీద గదులు చూడక్కర్లేదండీ, తీసుకుంటాను."

అప్పుడడిగింది ఆవిడ, ఏం చేస్తుంటారని.

"బ్యాండులో పెద్ద ఇత్తడి బూర ఊదుతానండీ, నేర్పుతాను కూడా. పన్నెండుమంది శిష్యులు. ఇప్పటికి మూడు వీధుల వాళ్ళు నన్ను తరిమేశారు."

సగ్డెన్ గతి తలుచుకుని జాలిపడాల్సిన మాటే. కానీ వినిఫ్రెడ్‌కి ఒళ్ళంతా సంతోషం పొంగింది. ఆయనకు ఇంకో కప్పు టీ పోసింది.

సెప్టెంబరు ఆఖరి వారంలో ఆవిడ సామాను వ్యాన్లోకి ఎక్కుతుంటే లంబ్ శిష్యులతో సహా దిగాడు. అందరూ అరవై దాటినవాళ్ళే, ఊపిరికి మాత్రం కొదవలేదు. పెరట్లో నిలబడి పదమూడు బూరలు ఒక్కసారి ఊదారు. సగ్డెన్ ఇంటి కిటికీ అద్దాలు గడగడలాడాయి.

చెవుల్లో దూది కుక్కుకుని ఆయన పరుగెత్తుకొచ్చాడు, చేతిలో అనుమతి దరఖాస్తు.

"వినిఫ్రెడ్ గారూ, మీరొక్క ముక్క సాక్ష్యం రాసిపెట్టాలి. నేను రాస్తే జడ్జిగారు నమ్మరు. ఈసారి నిజమండీ!"

"ఈసారా?"

సగ్డెన్ నాలిక కరుచుకున్నాడు.

"ఆ మాటే ముందు కాగితం మీద పెట్టండి. తర్వాత నేను రాస్తాను."

వేల పేజీలు రాసిన చెయ్యి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. బూరలు మళ్ళీ మోగాయి. ఆయన గబగబా గీకాడు: 'ఇంతకుముందు వేసిన కేసులు నిజం కావు.' అది చదువుతుంటే వినిఫ్రెడ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తిరించి విడదీయడానికి వీల్లేకుండా అదే గీత మీద, ఆ వాక్యం పక్కనే ఆవిడ రాసింది: 'బూరల మోత నిజమే, నేనూ విన్నాను.' సంతకం పెట్టి ఇచ్చేసింది.

సగ్డెన్ ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"ఇది జడ్జిగారికి పంపితే నా పరువేమవుతుందండీ?"

"పదకొండేళ్ళు నాదేమయిందో, అదే అవుతుందండీ," అని వినిఫ్రెడ్ వ్యాన్ ఎక్కింది.