పూతకు ముందు కోసిన మరలు

మా ఊరి బడిలో మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పని ఆరేళ్లపాటు నాదే. నేను మాట్లాడను కాబట్టి నా పేరు రాసే అవసరం ఎవరికీ రాలేదు. ఇతరుల తప్పులు కనిపెట్టడానికే పుట్టానన్న నమ్మకం నాకు అక్కడే కుదిరింది. చదువయ్యాక మా పెదనాన్న తన వర్క్‌షాపులో పనికి పిలిచి, తయారైన సరుకు తనిఖీ చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు. ఇంత ఆలస్యమెందుకైందా అని మాత్రం అనుకున్నాను.

మేం తయారుచేసేది చూడ్డానికి చిన్న వస్తువు. జానెడు పొడవుండే ఉక్కు గొట్టం. అడుగున అడ్డంగా ఒక ఇనుప ముక్క వెల్డింగ్ చేసి ఉంటుంది. పై సగంలో, లోపలి గోడకి మర చుట్లు ఉంటాయి. నేల పోసేటప్పుడు దాన్ని కాంక్రీటులో, నోరు మాత్రం పైకి కనిపించేలా పాతేస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ నోట్లో మరలున్న లావుపాటి కడ్డీ బిగిస్తారు. టన్నుల బరువుండే యంత్రం పాదాలకుండే రంధ్రాలు ఆ కడ్డీల మీదికి దిగుతాయి. పాదం కింద ఒక నట్టు, పైన ఒక నట్టు. కింది నట్టు తిప్పితే అంత యంత్రమూ వెంట్రుకవాసి లేస్తుంది, లేదా దిగుతుంది. మట్టం కుదిరాక పై నట్టు బిగిస్తే ఇక కదలదు. ఆ గొట్టాన్నే సాకెట్ అంటాం.

ప్రతి సాకెట్లోకీ గేజ్ తిప్పి చూడటం నా పని. గేజ్ అంటే మర కొలత సరిచూసే కడ్డీ, దానికి రెండు కొసలు. ఒక కొస సాఫీగా వెళ్లాలి, రెండో కొస వెళ్లకూడదు. బాగున్నవి కుడివైపు, పనికిరానివి ఎడమవైపు. నోరు విప్పే పనే లేదు. పెదనాన్న నన్ను "జడ్జిగారు" అనేవాడు. అది వెక్కిరింత అని ఇప్పుడు తెలుసు. అప్పట్లో బిరుదనుకున్నాను.

మా షాపులో పని వరస పన్నెండేళ్లుగా ఒకటే. గొట్టం లోపలి రంధ్రాన్ని కొలతకి తేవాలి, తుప్పు పట్టకుండా కరిగిన జింకులో ముంచే చోటికి పంపాలి, పూతతో తిరిగొచ్చాక మర కొయ్యాలి, ఆ తర్వాత గేజ్. పూత మీద మర కోస్తుంటే జింకు పొట్టు ట్యాప్‌కి అంటుకుంటుంది. ట్యాప్ అంటే మర కోసే పనిముట్టు. దాన్ని మాటిమాటికీ తీసి తుడవాలి. నా గేజ్ కూడా మురికైపోయేది.

ఐదు వారాల క్రితం పెదనాన్న కంటి ఆపరేషన్‌కి వెళ్లాడు. వారం రోజులు షాపు నా చేతికొచ్చింది. అప్పుడే ఒక అచ్చు యంత్రం కోసం పన్నెండు సాకెట్లు కావాలన్నారు. నాకొక ఆలోచన వచ్చింది: పూతకు ముందే, ఇనుము శుభ్రంగా ఉన్నప్పుడే మర కోసేస్తే? పొట్టు ఉండదు, తుడవడం ఉండదు. పెదనాన్నకి పన్నెండేళ్లలో తట్టనిది నాకు పదకొండు నెలల్లో తట్టింది. పొంగిపోయాను. మర కోయించాను, నా చేత్తో గేజ్ వేశాను, పన్నెండూ వెన్నలా తిరిగాయి. పూతకి పంపాను. మిలమిల మెరుస్తూ వచ్చాయి. మూతలు పెట్టి, తనిఖీ కాగితం మీద సంతకం చేసి పంపేశాను.

పెదనాన్న తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పలేదు. పని అంతా అయ్యాక నిదానంగా చెప్పి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆ కోరిక మాత్రం తీరింది.

యంత్రం దించే రోజు పెదనాన్న నన్ను కూడా వెంట తీసుకెళ్లాడు. కొత్త షెడ్డు, కొత్త నేల. నేలలో వరసకి ఆరు చొప్పున రెండు వరసల నల్లటి మూతలు. వాకిట్లో లారీ మీద యంత్రం, దాని పక్కన క్రేన్. అచ్చు ప్రెస్సు యజమాని అటూ ఇటూ తిరుగుతున్నాడు. బళ్లు తెరవడానికి మూడు వారాలే ఉంది, పుస్తకాలన్నీ ఈ యంత్రం మీదే అచ్చవ్వాలి. నేల పోయించింది ఆయన బావమరిది. కొత్త బట్టలేసుకుని వచ్చాడు పాపం.

"నాలుక్కి నేను బయల్దేరతా. మళ్లీ తొమ్మిది రోజులకి గాని రాలేను," అన్నాడు క్రేన్ డ్రైవరు, ఎవరూ అడక్కుండానే.

"నాలుగెందుకు బాబూ, పన్నెండుకల్లా కూర్చోబెట్టేస్తాం," అన్నాడు పెదనాన్న.

మొదటి మూత తీసి కడ్డీ పెట్టి తిప్పారు. ఒకటిన్నర చుట్టు వెళ్లి ఆగింది. రెండోది ఒక చుట్టు. మూడోది మూతి దగ్గరే మొరాయించింది. నాకు నాలుగో మూత తీసే అవసరం కనపడలేదు. కరిగిన జింకులో మరలున్న గొట్టం ముంచితే జింకు ఎక్కడికెళ్తుంది? మర చుట్లలోకే వెళ్తుంది. అందుకే కదా పన్నెండేళ్లుగా మర తర్వాత కోస్తున్నది. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఒక నేలా, ఒక యంత్రమూ, ఒక క్రేనూ కావలసివచ్చాయి.

పెదనాన్న నిలబడే టార్చి వేసి చూశాడు. ఆరు వారాలు వంగొద్దని డాక్టరు చెప్పాడు, ఇంకా ఒక వారం ఉంది. ఆ కంటికి లోపల బూడిదరంగు మాత్రం కనిపించింది.

"సిమెంటు పాలు దిగాయి," అన్నాడు.

మేకుతో గీకి చూస్తే తెలిసిపోయేది. కానీ తన షాపులో ఎన్నడూ జరగనిదాన్ని ఆయనెందుకు అనుమానిస్తాడు?

ప్రెస్సు యజమాని బావమరిది వైపు తిరిగాడు. "ఏరా! మూతలు సరిగ్గా నొక్కమని చెప్పానా లేదా?"

"నా బొటనవేలితో నేనే నొక్కాను బావా! చూడు, ఇంకా కాయ కాసే ఉంది!"

"కాయ కాసిందట. సిమెంటు పోస్తూ ఫోన్‌లో మాట్లాడుంటావు. మీ అక్క ముద్దు చేసి పాడుచేసింది నిన్ను." అంటూనే ఇంటికి ఫోన్ కలిపి, భార్యకి ఆమె తమ్ముడి ఘనకార్యమంతా చెప్పేశాడు.

"మరిప్పుడు ఎలాగండీ?" అన్నాడు ఫోన్ పెట్టేసి.

"సిమెంటు గట్టిపడ్డాక ట్యాప్ దింపితే పుటుక్కున విరుగుతుంది. నేల పగలగొట్టి తీసి, కొత్తవి పాతాలి. ఇంకో నెల," అన్నాడు పెదనాన్న.

బావమరిది మెట్టు మీద కూలబడ్డాడు. కొత్త చొక్కాకి సున్నం అంటుకున్నా చూసుకోలేదు.

మాట్లాడకపోవడంలో ఇంత హాయి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. నేను చెయ్యాల్సిందల్లా ఇరవైరెండేళ్లుగా చేస్తున్నదే. అడిగేవాళ్లు లేరు. నా ముఖం ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టే ఉంటుంది కాబట్టి అనుమానించేవాళ్లూ లేరు. కానీ అది సిమెంటు కాదని, మెత్తటి జింకని, దాని కింద మరలు చెక్కుచెదరకుండా ఉన్నాయని ఆ షెడ్డులో తెలిసింది నాకొక్కదానికే. నేను నోరు మూసుకుంటే ఆ నేల పగిలిపోతుంది. అప్పటికే ఎవరో పగలగొట్టే మిషను కోసం బయల్దేరారు.

నిజం చెబుదామని నిశ్చయించుకున్నాను. మొత్తం కాదు. చెప్పడానికి వీలైనంత.

"పెదనాన్నా, అది సిమెంటు కాకపోవచ్చు. ఎవరైనా... పూతకి ముందే మర కోసి ఉంటే..."

"ఎవరైనా అంటే ఎవరే?"

"ఊరికే, ఉదాహరణకి."

"పూతకి ముందు మర కోసేంత తెలివితక్కువవాడు మన షాపులో ఎవడున్నాడు?"

"ఒకరున్నారు."

"ఎవడు వాడు?"

"వాడు కాదు, ఆవిడ."

పెదనాన్న నల్ల కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. ఆపరేషనైన కన్ను బాగానే పనిచేస్తోందని అర్థమైంది.

"పన్నెండూనా?"

"పన్నెండూ."

"గేజ్ వేశావా?"

"వేశాను. పూతకి ముందు."

"పూత తర్వాత?"

"తర్వాత లెక్కపెట్టాను. పన్నెండూ ఉన్నాయి."

"లెక్క బాగా వచ్చు నీకు," అన్నాడు ఆయన. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

మిషను కోసం వెళ్లినవాణ్ణి వెనక్కి పిలిచారు. బావమరిది మెట్టు మీంచి లేచి నా దగ్గరికొచ్చాడు. కొట్టడానికేమో అనుకుని వెనక్కి జరిగాను. "అక్కా, ఆ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పవా?" అన్నాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు.

వ్యానులో ఒకే ఒక్క ట్యాప్ ఉంది. పెదనాన్న వంగకూడదు. వేరేవాళ్ల చేతికిస్తే విరుస్తారు. కొత్త బకెట్టొకటి బోర్లించి దాని మీద కూర్చుని, "పడుకో," అన్నాడు నాతో.

నేల మీద బోర్లా పడుకున్నాను. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పొట్టు తెగిన చప్పుడు వినాలి. తీసి తుడవాలి, నూనె వెయ్యాలి, మళ్లీ దింపాలి. తుడవడం తప్పించుకుందామనే కదా నేను పని వరస మార్చింది! మొత్తం మీద ఆ రోజు, షాపులో బల్ల దగ్గర కూర్చుని పన్నెండింటికి తుడవాల్సినదానికి పదింతలు నేల మీద పడుకుని తుడిచాను. బావమరిది టార్చీ నూనెడబ్బా పట్టుకుని నాతోపాటే పాకాడు.

"నెమ్మదిగా," అనేవాడు పెదనాన్న బకెట్టు మీంచి. చూడకుండా, చెవితోనే చెప్పేవాడు. "ఇప్పుడు వెనక్కి. ఊఁ. అది జింకే. వెళ్లనీ."

మొదటిదానికి ఇరవై నిమిషాలు పట్టింది. కడ్డీ పెట్టి తిప్పితే అడుగుదాకా దిగింది. ప్రెస్సు యజమాని చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి మానేశాడు.

ఆరోది అయ్యేసరికి మోచేతులు దోక్కుపోయాయి. తొమ్మిదోది అయ్యేసరికి ఆ పని నాకు వచ్చేసిందన్న అభిప్రాయం కలిగింది. నాకు ఏదైనా వచ్చేసిందన్న అభిప్రాయం కలిగినప్పుడు చుట్టుపక్కలవాళ్లు జాగ్రత్తపడాలి. పదకొండోది తొమ్మిది నిమిషాల్లో ముగించాను. మూడున్నరైంది. పన్నెండోదాంట్లో పెదనాన్న "వెనక్కి" అంటున్నాడు, నేను ఇంకో పావు చుట్టేగా అనుకుంటున్నాను. టక్కుమంది.

ట్యాప్ సగం నా చేతిలో, సగం సాకెట్లో ఉన్నాయి.

"మూలదేనా?" అన్నాడు పెదనాన్న.

"మూలదే."

"ఆ పాదానికి ఇంకో కడ్డీ ఉంది. ప్రస్తుతానికి పదకొండు మీద నిలబడుతుంది. తర్వాత పక్కన రంధ్రం చేసి ఇంకొకటి దింపుదాం. క్రేన్ తిప్పమను."

నాలుగుకి పది నిమిషాలుందనగా యంత్రం గాల్లోకి లేచింది. అది నేలకి దిగేసరికి పదకొండు కడ్డీలూ పదకొండు రంధ్రాల్లోంచి ఒకేసారి తలలు బయటపెట్టాయి. పన్నెండో రంధ్రం ఖాళీగా, ఊడిన ముందుపన్నులా కనిపించింది. క్రేన్ డ్రైవరు గడియారం చూసుకుని, "చెప్పానా," అన్నాడు. ఏం చెప్పాడో మాకెవరికీ గుర్తులేదు.

తరువాత మట్టం. యంత్రం బల్ల మీద మట్టపు గొట్టం పెట్టారు. అందులోని బుడగ పెదనాన్నకి రెండుగా కనిపిస్తోందట. నన్ను చూసి చెప్పమన్నాడు. ఆరు పాదాల దగ్గర ఆరుగురు స్పానర్లతో కూర్చున్నారు.

"ఎడమవైపు కొంచెం," అన్నాను.

"వినపడట్లేదు!" అన్నారు ఆరుగురూ.

"ఎడమవైపు! రెండో పాదం! అర చుట్టు పైకి!"

నా గొంతు షెడ్డు రేకులకి తగిలి తిరిగి నాకే వినిపించింది. ఎవరో గయ్యాళి అరుస్తోందనుకున్నాను. బుడగ బద్ధకంగా జరిగి గీతల మధ్యకొచ్చి ఆగింది. పై నట్లు బిగించారు. కొత్త తనిఖీ కాగితం మీద 'పదకొండు బాగున్నాయి, ఒకటి చెడింది' అని రాసి, కారణం అన్నచోట 'నేను' అని రాశాను. అక్కడ అంతకంటే చోటు లేదు.

వెళ్లిపోదామని సంచీ తీసుకుంటుంటే బావమరిది అడ్డంగా నిలబడ్డాడు. "అలా వెళ్లిపోతే ఎలా? బావ పొద్దున మా అక్కకి ఫోన్ చేసేశాడు. నేను ఇంటికెళ్లి ఏం మొహం చూపించాలి? నువ్వే చెప్పు." ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చాడు.

"ఎవరమ్మా?" అంది ఆమె.

"సాకెట్లు చేసిన షాపు నుంచండీ. మీ తమ్ముడి తప్పేం లేదు. తప్పు నాది."

"అలా చెప్పమన్నాడా వాడు?"

"లేదండీ. నిజంగానే నేను."

"ఎంత బుద్ధిగా చెప్తున్నావమ్మా! నీకేం భయం లేదు, బెదిరించాడేమో చెప్పు."

జీవితంలో మొదటిసారి గట్టిగా నిజం చెబుతుంటే నమ్మే మనిషి కరువైంది. పెదనాన్న వైపు చూశాను. ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టేసుకున్నాడు. చివరికి ప్రెస్సు యజమానే దగ్గరికొచ్చి ఫోన్‌లోకి వంగాడు.

"ఔనే. ఆ అమ్మాయి చెప్పేది నిజమే. వీడి తప్పేం లేదు."



"ఏమన్నారు?" అంది ఆమె. "ఇంకోసారి చెప్పండి."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపుకి నేను అర్హురాలినే. గొంతు సవరించుకుని ఇంకోసారి చెప్పాడు.

"సరిగ్గా వినపడలేదు బావా," అన్నాడు బావమరిది, ఫోన్‌కి జానెడు దూరంలో నిలబడి.